తమ్ముడి వరస

చీకటి పక్షం, మొదటి రోజు

సూర్యుడు ఈ పొద్దున గుట్ట వెనక్కి దిగిపోయాడు. ఇక రెండు వారాలు చీకటే. కరెంటంతా బ్యాటరీల మీదే నడవాలి. అందుకని ఎప్పటిలాగే కింది గొట్టంలో, అంటే మేముండే కింది సొరంగంలో, కాళ్ళపెట్టెలు ఆపేస్తారు. మీది గొట్టంలో మాత్రం ఆపరు. అక్కడివాళ్ళ కాళ్ళు వేరే రకం కాబోలు.

కరెంటు తీసేలోపు ఆఖరి వంతు కోసం మా వీధి వీధంతా పెట్టెల ముందు నిలబడింది. నడుము దాకా దిగి మూత బిగించుకుంటే మోటారు లోపలి గాలిని లాగుతుంది, మొహానికి ఎక్కిన రక్తం మెల్లగా కాళ్ళలోకి దిగుతుంది. చంద్రుడి మీద ఒంటికి బరువు చాలదు కాబట్టి పళ్ళు తోముకున్నట్టే ఇదీ రోజూ చేసుకోవాలి. మానేస్తే పెద్దవాళ్ళకు మొహాలు ఉబ్బుతాయి, అంతే. ఎదిగే మగపిల్లల్లో కొందరికి ముక్కు వెనకాల, గొంతు పైభాగాన గడ్డ లేస్తుంది. అది మామూలు గడ్డ కాదు, రక్తనాళాల ముద్ద. గోరు తగిలినా రక్తం ఒక పట్టాన ఆగదు.

"మొగపోరగాండ్లను ముంగటికి తోలుండ్రి! ముసలోల్లు ఎనుకకు నడువుండ్రి!" అని మల్లవ్వ అరుస్తూ వరుసను సర్దింది. మంచుగనిలో డ్రిల్లు పట్టే మనిషి, ఆమె గొంతుకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. నా వంతు కూడా పిల్లలకే ఇచ్చేశాను. ఆ గడ్డలకు రక్తం తెచ్చే నాళాలను మూసే డాక్టర్ని నేనే. ఒక పిల్లాడు పెట్టెలో కూర్చుంటే నాకు ఒక పని తగ్గుతుంది.

మధ్యాహ్నం మీది గొట్టం నుంచి ఫోను వచ్చింది. పదిహేడేళ్ళ కుర్రాడు, చాలాకాలంగా ఒకపక్క ముక్కు మూసుకుపోయింది, పొద్దుటినుంచి ధారగా రక్తం. పేరు ప్రద్యుమ్న. తండ్రి పేరు అడిగాను. చక్రపాణి గారు అన్నారు.

ఈ ఊరి కరెంటూ గేట్లూ చక్రపాణి చేతిలోనే ఉంటాయి. నా తమ్ముడు రాజలింగును చంపినవాడు అతనే. ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వాను. పక్కగదిలోంచి నర్సు వచ్చి ఏమైందని అడిగితే, పొలమారిందని చెప్పాను.

చీకటి పక్షం, రెండో రోజు

మీది గొట్టానికి వెళ్ళాను. రాజలింగు పోయిన ఈ మూడేళ్ళలో అక్కడ అడుగు పెట్టడం ఇదే మొదలు.

కుర్రాడు మంచం మీద ముందుకు వంగి గిన్నెలోకి ఉమ్ముతున్నాడు. అక్కడి కొత్త డాక్టరు గడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి పరీక్షకు పంపుదామని చిన్న కత్తెర పట్టుకుని వంగి ఉన్నాడు. ఆ ముక్క కత్తిరిస్తే కుర్రాడు ఆ మంచం మీదే పోయేవాడు. నేను ఒక్క క్షణం ఊరుకుంటే సరిపోయేది, ఎవరూ నన్ను ఒక్క మాట అనలేరు. ఆ ఆలోచన పూర్తికాకముందే ఆ డాక్టరు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను. తిరిగి వచ్చే దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

నాకు అర్థం కాని విషయం ఒకటుంది. మీది గొట్టంలో పెట్టెలు ఎప్పుడూ ఆగవు. వీడికి గడ్డ ఎలా వచ్చింది? గదిలో మూలనున్న పెట్టె మూత తీసి చూశాను. లోపల చంద్రమట్టి నింపిన మూట, మనిషి నడుమంత లావు. వంతు తప్పితే మీటరు ఇంట్లో వాళ్ళకు చెబుతుంది కదా, అందుకని మూటను కూర్చోబెట్టి, మోటారు ఆన్ చేసి, వీడు తీరిగ్గా ఆటలాడుకునేవాడట. కాళ్ళు తిమ్మిరెక్కుతాయట పాపం!

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏడాది నుంచి," అన్నాడు ముక్కుతో. "నాన్నకి చెప్పకండి డాక్టరు గారూ."

నాకు ఒళ్ళు మండిపోయింది. చీకటి పక్షమంతా మా పిల్లలకు లేని కరెంటు ఇక్కడ మట్టిమూటకు పెట్టారు.

అప్పుడే చక్రపాణి గుమ్మంలోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. "మీరే చూడాలండీ," అన్నాడు. "మీకు నా మీద కోపం ఉంటుందని తెలుసు. పిల్లవాడి మీద చూపించకండి."

"స్కాన్ తీయాలె సారు. కిందికి తోల్కరాండ్రి," అన్నాను. ఆ మాటొక్కటే చెప్పి వచ్చేశాను.

చీకటి పక్షం, మూడో రోజు

ఇవాళ పని లేదు. రాజలింగు గురించి రాస్తాను, లేకపోతే నిద్ర పట్టదు.

అమ్మానాన్నా గని కూలి పోయాక వాణ్ణి నేనే సాకాను. పదహారేళ్ళకే నాకంటే జానెడు పొడవు. ముక్కులో గడ్డ లేచాక వాడి గురక గోడ అవతలికి వినబడేది, పక్కింటివాళ్ళు దాన్నిబట్టే షిఫ్టుకు లేచేవాళ్ళు. వాడు పోయిన వారం వాళ్ళు రెండుసార్లు షిఫ్టు తప్పారు. ఆ మాట నాకు చెప్పి, చెప్పినందుకు ఏడ్చారు.

మూడేళ్ళ కిందట వాడి గడ్డకు రక్తం తెచ్చే దారుల్ని నేనే మూశాను, అజీజ్ భాయ్ కోశాడు. ఇక్కడ సర్జన్ ఆయనొక్కడే. సగంలో రక్తం చాలలేదు. ఇక్కడి గాలికి రక్తం సీసాలో నిలవ ఉండదు, మనిషి వచ్చి పక్కన కూర్చుని పోయవలసిందే. మల్లవ్వతో కలిపి నలుగురు గనిలోంచి పరుగెత్తుకొచ్చారు. గేటు మూసి ఉంది. మంచు కోటా పూర్తికాకుండా షిఫ్టు మధ్యలో గేటు తీయకూడదని నియమం. తీయించగలిగినవాడు ఒక్కడే. చేతులకు తమ్ముడి రక్తం ఉండగానే ఫోను చేశాను.

"నియమం అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు చక్రపాణి. ఎంత మెత్తగా అన్నాడో! పక్కన ఎవరో టీ కలుపుతున్నట్టు చెంచా చప్పుడు వినబడింది.

గేటుకు అవతల మల్లవ్వ పిడికిళ్ళతో బాదుతూనే ఉంది. కోటా పూర్తయి గేటు తెరిచేసరికి రాజలింగు మీద దుప్పటి కప్పాం. ఆ మనిషికి నా ఉసురు తగలాలని రోజూ కోరుకున్నాను. ఇంత దగ్గరగా వచ్చి నా చేతికే చిక్కుతాడని అనుకోలేదు.

చీకటి పక్షం, నాలుగో రోజు

తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి మెడలోని ధమనుల దాకా చేర్చాను. నాళాల్ని చూపే మందు వదిలితే తెర మీద గడ్డ మొత్తం నల్లగా తేలింది, నిమ్మకాయంత ఉంది. ముఖ్యమైన దారి ఎప్పుడూ ఒకటే, మెడలో బయటి ధమని నుంచి దవడ వెనకగా వచ్చే కొమ్మ. దాంట్లోకి ఇసుకరవ్వలంత పూసలు వదిలి మూసేశాను. రెండోపక్క నుంచి వచ్చే చిన్న కొమ్మనూ మూశాను. తెర తెల్లబడింది. ఇలా మూసిన రెండు రోజుల్లోనే కోయాలి, ఆలస్యమైతే కొత్త దారులు తెరుచుకుంటాయి.

వదిలేయకుండా మెదడుకు వెళ్ళే లోపలి ధమనిలో కూడా మందు వదిలి చూశాను. అక్కడ కనబడింది. వెంట్రుకంత సన్నని కొమ్మ ఒకటి, లోపలి ధమని నుంచి గడ్డ వెనకభాగంలోకి. దాన్ని పూసలతో మూయకూడదు. ఒక్క పూస దారి తప్పినా కన్ను పోతుంది, లేదా మెదడు దెబ్బతింటుంది. సర్జనే చూసుకుని, ఆ వైపు చివరికి ఉంచుకుని, క్లిప్పు పెట్టి తీయాలి. చేతిలో సరిపడా రక్తం ఉండాలి. ముందే తెలిస్తే కష్టం కాదు. తెలియకపోతే గడ్డను లాగిన క్షణంలో వరద.

ఆ గీతను నేను తప్ప ఎవరూ చూడలేదు. తెర ఆపేశాను.

అజీజ్ భాయ్ టీ తెచ్చాడు. "ఎట్లున్నది ఓదెమ్మా? దార్లన్నీ బందైనయా?"

"చూస్తున్న భాయ్," అన్నాను.

"మంచిగ చూడు. మీ తమ్ముని లెక్క కావద్దు ఎవ్వలకు గూడ," అన్నాడు. పాపం, ఆయన మంచితనంతోనే అన్నాడు. నేను మాత్రం టీ ముట్టుకోలేకపోయాను. చెప్పకుండా ఉంటే చాలు, అబద్ధం కూడా ఆడక్కర్లేదు అనుకుంటూ షిఫ్టు అయ్యేదాకా కూర్చున్నాను.

రాజలింగు పోయాక నాకు ఏం దొరికిందా అని ఆలోచించాను. ఓదార్పు దొరికింది. వీధంతా వచ్చి నా తల నిమిరింది, నోట్లో ముద్ద పెట్టింది, నాతోపాటు ఏడ్చింది. అది కూడా ఒక సుఖమే. కొడుకు చస్తే చక్రపాణికి కూడా అది దొరుకుతుంది. ఊళ్ళో సగం మంది అతన్ని క్షమించేస్తారు. నేను అతన్ని అంత సులువుగా వదిలిపెట్టను. వాడి కొడుకు బతకాలి. బతికి వాడికి దక్కకూడదు.

లేచి వెళ్ళి అజీజ్ భాయ్‌కి ఆ కొమ్మను చూపించాను. "యా అల్లా, ఇది జెప్పకపోతివి అంటే నేను మునిగేటోన్ని," అని నా భుజం తట్టాడు.

చీకటి పక్షం, ఐదో రోజు

కుర్రాడిది తల్లి పోలిక, తల్లి గ్రూపు. ఆమె బతికి లేదు. తండ్రిది కలవదు, మీది గొట్టంలో ఇంకెవరిదీ కలవలేదు. కింది గొట్టంలో ముగ్గురం ఉన్నాం. నేను, మల్లవ్వ, ఆమె అల్లుడు.

మల్లవ్వ నా మాట వినకముందే లేచింది. "వాని కొడుక్కు నేను నెత్తురు వోస్తనా? గేటుకు గుద్ది గుద్ది నా చేతులు వాసినయి, మర్సినవా? నీకు శరం లేదా ఓదెమ్మా?"

"కూసో అవ్వా. వరస సంగతి యాదికి తెచ్చుకో," అన్నాను.

మొదట ఈ ఊరికి వచ్చినవాళ్ళు పెళ్ళాం బిడ్డలు లేకుండా ఒంటరిగా వచ్చారు. ఒకరికొకరు రక్తం పోసుకుని బతికారు, అలా పోసుకున్నవాళ్ళే చుట్టాలయ్యారు. అందుకే ఇప్పటికీ కుర్చీలో కూర్చోగానే నర్సు "ఏ వరస?" అని అడుగుతుంది. పోసేవాళ్ళు ఏ వరస చెబితే అదే ఖాయం. ఎక్కువ పోసినవాళ్ళ ఇంట్లోనే రోగి కోలుకోవాలి. గండం గడిచిందని ఆ ఇంటివాళ్ళు నోటితో చెప్పేదాకా కన్నవాళ్ళు కూడా తీసుకుపోవడానికి లేదు. దీన్ని చక్రపాణి తోసిపుచ్చలేడు. అతను వయసులో ఉండగా పాత అధికారి రక్తం పోసి కొడుకు వరస పెట్టుకున్నాడు, ఆ వరసతోనే అతను అధికారి కుర్చీ ఎక్కాడు.

మల్లవ్వ నిలబడినచోటే ఆలోచించింది. "అంటే ఆ పోరడు నీ ఇంట్ల ఉంటడు."

"ఉంటడు. గీ చీకట్ల. గడ్డ మల్ల మొలవకుంట రోజు పెట్టెల కూసోవాలె. మన పెట్టెలన్ని ఒక్క తీగ మీదనే ఉన్నయి. ఒక్కదానికి ఇచ్చుడు కాదు, ఇస్తే అన్నిట్లకు ఇయ్యాలె."

ఆమె మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. మూడేళ్ళలో ఆ నవ్వు చూడలేదు. "వరస నువ్వే వెట్టుకో. నాకు వద్దు గా సంబంధం," అని చొక్కా చేతులు పైకి మడిచింది.

చీకటి పక్షం, ఆరో రోజు

ఆపరేషన్ అయింది.

నేను కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాను. గాజు గోడకు అవతల చక్రపాణి నిలబడి చూస్తున్నాడు. నర్సు అడిగింది, "ఏ వరస?"

"తమ్ముడు," అన్నాను, అవతలికి వినబడేలా.

అతని మొహం తెల్లబోయింది. అప్పటిదాకా అతను రక్తం గురించే ఆలోచించాడు, వరస గురించి కాదు. తెరవెనక కొడుకు మత్తులో ఉన్నాడు, ఇప్పుడు వద్దనడం ఎలా కుదురుతుంది? అతని కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. అంత సంతోషం నాకు చాలాకాలం తర్వాత కలిగింది. సిగ్గు పడటం లేదు.

అజీజ్ భాయ్ ముక్కులోంచే వెళ్ళాడు. ముందుభాగం దాదాపు పొడిగా వచ్చింది. చివరికి ఉంచుకున్న లోపలి కొమ్మకు క్లిప్పు పెట్టబోతే అది జారింది, ఒక్కసారిగా గొంతు రక్తంతో నిండింది. "నెత్తురు పోయుండ్రి, పోయుండ్రి!" అని అరిచాడు. నా తర్వాత మల్లవ్వ కూర్చుంది, తర్వాత ఆమె అల్లుడు, మళ్ళీ నేను. నాకు కళ్ళు తిరిగాయి. క్లిప్పు పడింది. గడ్డ మొత్తంగా ఊడివచ్చింది. పుర్రె అడుగు ఎముకలో వేరు దిగిందేమోనని అక్కడంతా అరగదీశాడు. మిగిలిందో లేదో వాపు దిగాక స్కాన్ తీస్తేగాని తెలియదు.

బయటికి వచ్చి చక్రపాణికి ఉన్నదున్నట్టు చెప్పాను. "బతికిండు. ఎముకల వేరు మిగిలితే మల్ల లేస్తది. పెట్టె తప్పద్దు."

"మా ఇంట్లో పెట్టె ఉంది," అన్నాడు.

"మా వీధిల గూడ ఉన్నయి సారు. కరెంటే లేదు."

చీకటి పక్షం, తొమ్మిదో రోజు

కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. రాజలింగు చాప మీదే పడుకోబెట్టాను, ఇంకో చాప లేదు.

చక్రపాణి మొదట మా ఇంటికి మాత్రం వేరే పెట్టె, వేరే తీగ వేయిస్తానన్నాడు. తీగ లాగడానికి కింది గొట్టం మనుషులే కావాలి. ఒక్కడూ పనిలోకి రాలేదు. తర్వాత పెద్దల్ని పంపించాడు, వరస తెంచుకోమని. నేను వాళ్ళకు టీ ఇచ్చి పంపాను. ఇవాళ పొద్దున అన్నం వండుతుంటే పెట్టెలన్నీ ఒక్కసారి మోగాయి. వీధిలో జనం కేకలు వేశారు. చీకటి పక్షంలో కింది గొట్టంలో మోటార్లు తిరగడం నేను పుట్టాక ఇదే మొదలు. మీది గొట్టంలో దీపాలు సగానికి తగ్గించారట, అక్కడివాళ్ళు చక్రపాణిని బండబూతులు తిడుతున్నారట. ఆ వార్త వింటూ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సాయంత్రం కుర్రాడే నోరు జారాడు. మట్టిమూట సంగతి నవ్వులాటగా చెప్పబోయాడు. మల్లవ్వ ఆ మాట మధ్యలోనే ఆపించింది.

"ఏంది? మా పోరగాండ్లకు లేని కరెంటు మన్నుకు వెట్టినవా?"

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. మల్లవ్వ వాణ్ణి కొట్టలేదు. ముక్కులో దూది ఉన్నవాణ్ణి కొట్టకూడదు కాబట్టి. చెయ్యి పట్టుకుని పెట్టెల దగ్గరికి తీసుకుపోయి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్న తన మనవణ్ణి చూపించింది. ఆ గుడ్డ ఎర్రగా ఉంది. కుర్రాడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. వచ్చి అన్నం వద్దన్నాడు. నేను బతిమాలలేదు.

వెలుగు పక్షం, పన్నెండో రోజు

దూది ఎప్పుడో తీసేశాం. రక్తం చుక్క లేదు. పన్నెండు రోజులుగా సూర్యుడున్నాడు, కరెంటు అందరికీ ఉంది. చక్రపాణి రోజూ పొద్దున ఫోను చేస్తాడు. ఎముకలో వేరు ఉందా లేదా అని అడుగుతాడు. తెలియదని చెబుతాను. అతని గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. రోజులో నాకు ఇష్టమైన సమయం అదే.

కుర్రాడు పిల్లల వంతులు చూసే పని తనంతట తనే పెట్టుకున్నాడు. ఎవరైనా ముందే లేచిపోతే మళ్ళీ కూర్చోబెడుతున్నాడు. నన్ను అక్కా అంటున్నాడు. పలకాలి కాబట్టి పలుకుతున్నాను.

వెలుగు పక్షం, ఆఖరి రోజు

స్కాన్ తీశాను. అజీజ్ భాయ్‌తో కలిసి చూశాను. ఎముక శుభ్రంగా ఉంది. వేరు లేదు, నాళం లేదు, ఏమీ మిగల్లేదు. ఇంత పెద్ద గడ్డ ఇంత శుభ్రంగా రావడం ఇక్కడ మొదటిసారి.

"సారుకు ఫోన్ జేసి జెప్పు. సంతోషపడ్తడు," అన్నాడు అజీజ్ భాయ్.

"చెప్ప భాయ్."

ఆయన నా వైపు చూశాడు. రేపటినుంచి చీకటి పక్షం. వేరు లేదని చక్రపాణికి తెలిసిన గంటకే కింది గొట్టం తీగ ఆగిపోతుంది. అది ఆయనకూ తెలుసు. కళ్ళద్దాలు తుడుచుకుని, పరీక్ష ఫలితం నేనే చెప్పుకోవాలని, తన నోటితో అబద్ధం చెప్పించవద్దని అన్నాడు. నేను చేసేది న్యాయమని రాసుకోను. అబద్ధమే. ఒక తండ్రిని రోజూ పొద్దున చంపి సాయంత్రం బతికించే అబద్ధం. అది నాకు బాగుంది.

కుర్రాడికి మాత్రం నిజం చెప్పాను. ఒళ్ళు వాడిది.

"అయితే నేను ఇంటికి వెళ్ళిపోవచ్చా?"

"నేను గండం గడిసిందంటె పోవచ్చు."

"నేను వెళ్ళిపోతే ఇక్కడి కరెంటు?"

"బందైతది."

వాడు లేచి పిల్లల వంతులు చూడటానికి వెళ్ళిపోయాడు. వాడు వెళతానని మొండికేస్తే ఏ మాటతో బెదిరించాలో కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆ మాట ఇక్కడ రాయను.

చీకటి పక్షం, మొదటి రోజు

పొద్దున పెట్టెల ముందు వరుస కట్టాం. కరెంటు ఆగలేదు. కుర్రాడు మల్లవ్వ మనవడి పక్కపెట్టెలో నడుము దాకా దిగి కూర్చున్నాడు. గోడకున్న ఫోను మోగింది.

నేను తీసేలోపు వాడు చెయ్యి చాపి తీసుకున్నాడు.

"నాన్నా, నేనే. స్కాన్ అయింది... అక్క చూసింది. ఎముకలో ఏదో ఉన్నట్టే ఉందట... ఏమో, ఇంకా కొన్నాళ్ళు చూడాలట. లేదు, రాను. కరెంటు మాత్రం ఆపకండి."

నేను వాడికి ఆ మాటలు చెప్పలేదు. ఒక్క ముక్క కూడా నేర్పలేదు.

"ఏడుస్తున్నాడు," అని ఫోను నాకిచ్చాడు.

చెవికి పెట్టుకున్నాను. చక్రపాణి ఏడుస్తున్నాడు, వెక్కి వెక్కి, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా. ఈ ఏడుపు వినాలని మూడేళ్ళు బతికాను. ఆఖరిదాకా విన్నాను. అతను ఓదెమ్మ గారూ, ఓదెమ్మ గారూ అని రెండుసార్లు పిలిచాడు. ఫోను పెట్టేశాను.

కుర్రాడు నన్నే చూస్తున్నాడు. వాడి మొహంలో తండ్రి మీద జాలి ఉందేమోనని వెతికాను. ఎక్కడా లేదు. నాకు కావలసింది అదే, మొదటినుంచీ అదే. చూశాక మాత్రం వాడి మీద నుంచి చూపు తిప్పుకున్నాను.

"రేపు కూడా ఇదే చెప్పాలా అక్కా?" అన్నాడు.

వరుసలో నా వెనక పిల్లలు తోసుకుంటున్నారు. వాడి పెట్టె మూత వదులుగా ఉంటే వంగి బిగించాను.